మ్యూట్ బటన్ లేని గది

నా కుడిచేతి బొటనవేలు నాకు తెలియకుండానే కదులుతోందని మొదట కనిపెట్టింది మాకు డబ్బింగ్ నేర్పే ఆవిడ. అప్పటిదాకా నాకు నటన రాదని నేనూ, నాకు పిచ్చి పట్టిందని మా ఆయనా అనుకుంటూ ఉండేవాళ్లం.

నేను హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వారమంతా ఆఫీసు, శనివారం పొద్దున బోరబండలో డబ్బింగ్ క్లాసు. కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం మీద రెండు గదులు. ఒకదాంట్లో మైకు, అద్దానికి అవతల గదిలో రికార్డింగ్ చేసే అతను. పక్క భాషల సీరియళ్లకు అక్కడ తెలుగు మాటలు పడతాయి. నేర్చుకునేవాళ్లకు ముందు గుంపు గొంతులే ఇస్తారు. పెళ్లిలో ముత్తయిదువల గలగల, సంతలో టమాటాల బేరం, పంచాయితీలో "న్యాయం కావాలి" అన్న అరుపు, అన్నీ అరిచాను. ఆ భాగం టీవీలో వచ్చిన రోజు గుంపులో నా గొంతు ఎక్కడుందో చెవులు రిక్కించి వెతికేదాన్ని. దొరికేది కాదు. ఆ కోపం మా ఆయన మీద చూపించేదాన్ని.

ఈ తాపత్రయం ఎందుకని చాలామంది అడిగారు. మా నాయన వల్ల. కడపలో మా ఇంటి అరుగు మీద కూర్చుని రోజూ నా చేత పేపరు చదివించేవాడు. కళ్లు బాగానే ఉండేవి, వినడమే ఇష్టం. నేను గొణిగితే ఒప్పుకునేవాడు కాదు. "గట్టిగా సదువు పాపా, ఈదికంతా ఇనపడల్ల" అనేవాడు. వీధిలో పోయేవాళ్లు ఆగి నవ్వేవాళ్లు, నాకు సిగ్గుతో ప్రాణం పోయేది. ఇప్పుడు అలా చదవమనేవాళ్లు లేరు. రెండేళ్లయింది ఆయన పోయి.

అలాంటి రోజుల్లో ఒక పాత్ర వచ్చింది. ఒక సీరియల్‌లో పెద్ద కోడలు, మొదటి నుంచి చివరిదాకా ఉండే మనిషి. పరీక్షగా ఒక్క సన్నివేశం ఇచ్చారు. ఆమె వంటింట్లో ఉండగా దవాఖాన నుంచి ఫోన్ వస్తుంది. "హలో... ఆఁ, చెప్పండి" అంటుంది. అవతలివాళ్లు ఏం చెప్పారో మనకు వినపడదు. తర్వాత చాలాసేపు ఆమెకు మాటల్లేవు. చివర "సరే" అంటుంది. అంతే. ఆ మాటల్లేని చోట ఎవరి ఊపిరి పలికితే పాత్ర వాళ్లది. నేనూ, రేడియో ప్రకటనలు చదివే ఇంకో అమ్మాయీ పోటీలో ఉన్నాం. ఇది కూడా పోతే ఇక నేను గుంపులోనే ముసలిదాన్ని అవుతానని నాకు గట్టిగా అనిపించింది.

మొదటిసారి చెప్పాను. అద్దం అవతల అతను తల అడ్డంగా ఊపాడు.

"మేడం, గొంతు మంచిగున్నది. గానీ నడుమల మొత్తం ఖాళీ వస్తున్నది. జర మైకుకు దగ్గరికి రాండ్రి."

దగ్గరికి జరిగాను. మళ్లీ చెప్పాను. మళ్లీ ఖాళీయే. గోదావరి జిల్లా నుంచి వచ్చి వయసంతా ఈ పనిలోనే గడిపిన మా డబ్బింగ్ ఆవిడ లేచి మైకు గదిలోకి వచ్చింది. నా ముఖం చూడలేదు, నా చెయ్యి చూసింది.

"ఏం నొక్కుతున్నావమ్మాయ్?"

"ఏం నొక్కడం లేదమ్మా."

"మళ్లీ చెప్పు."

"ఆఁ, చెప్పండి" అన్నాను. అనగానే నా బొటనవేలు చూపుడువేలి పక్కన గట్టిగా నొక్కుకుంది. అప్పుడు గానీ నేను ఊపిరి వదల్లేదు, అదీ మైకుకు ముఖం పక్కకు తిప్పి. అది నేనూ చూశాను. నా చేతిలో ఆఫీసు హెడ్‌సెట్ లేదు, నా చప్పుడు అవతలికి పోకుండా ఆపే మ్యూట్ మీటా లేదు. వేలికి మాత్రం ఆ సంగతి తెలియదు.

ఆఫీసు కాల్స్‌లో నా బతుకంతా మ్యూట్‌లోనే గడిచింది. నా వంతు వచ్చినప్పుడు మీట నొక్కి, ఇస్త్రీ చేసిన గొంతుతో నాలుగు ముక్కలు చెప్పి, మళ్లీ నొక్కేస్తాను. దగ్గు, ఆవులింత, పనిమనిషితో గొడవ, మేనేజర్‌ని తిట్టిన తిట్లు, అన్నీ ఆ తర్వాతే. ఆఫీసులో నా గొంతుకు మంచి పేరు. "మీరు మాట్లాడితే క్లయింట్ కూల్ అయిపోతాడండి" అంటారు. ఎందుకు కూల్ అవుతాడో ఆ రోజు అర్థమైంది. వాడికి వినపడేది మనిషి కాదు.

"ఎప్పుడైనా ఇలాంటి ఫోన్ నీకొచ్చిందా?" అని అడిగింది ఆవిడ.

"లేదమ్మా" అన్నాను.

అబద్ధం. వచ్చింది. ఒక శనివారం ఆఫీసులో రిలీజ్ నడుస్తోంది, అంటే మేం రాసిన ప్రోగ్రాం క్లయింట్ చేతికి వెళ్లే రోజు. కాల్‌లో సగం ప్రపంచం ఉంది. ఒక చెవిలో హెడ్‌సెట్, రెండో చెవిలో తమ్ముడి ఫోన్. "నాయన పోయినాడక్కా" అన్నాడు వాడు. నా వేలు అప్పటికే మ్యూట్ మీద ఉంది. అదే క్షణంలో అటు చెవిలో నా పేరు పిలిచారు. మ్యూట్ తీసి, "నా వైపు అంతా అయిపోయింది, ముందుకు వెళ్లొచ్చు" అన్నాను. గొంతు వణకలేదు. మళ్లీ నొక్కేశాను. తర్వాత కడప బస్సులో ఏడుద్దామనుకుంటే పక్క సీటులో ఎవరో ఉన్నారు. ఇంటికెళితే చుట్టాలు. ఆ తర్వాత పదకొండో రోజు, పన్నెండో రోజు అంటూ వంటలు, వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. ఆ ఏడుపు ఎక్కడో ఇరుక్కుపోయింది. తిరిగి ఆఫీసుకు వస్తే, ఆ రోజు కాల్ వదలకుండా నిలబడ్డానని టీమ్ అందరి ముందూ చప్పట్లు కొట్టించారు. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఇవేమీ ఆవిడకు చెప్పలేదు. ఆవిడే ఒక మార్గం చెప్పింది. "వచ్చే శనివారం ఆఖరిసారి వింటారు. ఈ వారమంతా నీ ఆఫీసులో ఆ బటను ముట్టుకోకు. ఏమొస్తే అది రానీ."

అది ఎంత కష్టమో ఆవిడకేం తెలుసు అనుకున్నాను. సోమవారం ఇంటి నుంచి పని. పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్ చుట్టూ ఇంకా అపార్ట్‌మెంట్లు లేస్తూనే ఉంటాయి. పక్కన బండ పగలగొడుతున్నారు. నేను రిపోర్టు చెప్పి ఊరుకున్నాను, మీట ముట్టుకోలేదు. బండ మోత, కుక్కర్ విజిల్, దాని వెనకే వంటింట్లోంచి మా ఆయన గొంతు: "ఏమే, చట్నీలో ఉప్పు ఎయ్యలేదా?" కాల్‌లో ఉన్నవాళ్లంతా విన్నారు. అందరి దగ్గర్నుంచీ ఒకటే మెసేజ్, మ్యూట్ చేసుకోండి, మ్యూట్ చేసుకోండి. చెయ్యి దురద పెట్టినట్టు లాగేస్తోంది. చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను.

నాకు నిలకడ పోయింది. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. బాల్కనీలో నిలబడి ఊపిరి సాధన చేద్దామంటే బండ మోత, బాత్రూములో చేస్తే గొంతు మోగుతుంది. చివరికి చీరల అల్మారా తలుపు తెరిచి, తల లోపల పెట్టి, పట్టుచీరల మధ్య ఎగశ్వాస దిగశ్వాస మొదలుపెట్టాను.

మా ఆయన వచ్చి చూశాడు. "ఏం చేస్తాండావ్ అందులో?"

"ఊపిరి తీసుకుంటాండా."

"ఏం, బయట గాలి లేదా?"

చీర ఒకటి తీసి ఆయన మీదికి విసిరాను. ఆయన దాన్ని మడతపెట్టి, తిరిగి నా తల పక్కనే సర్ది పోయాడు. కోపం వస్తే ఎదురు కోపం తెచ్చుకోని మనిషితో కాపురం చేయడం మహా కష్టం.

గురువారం ఆఫీసులో ఉన్నాను. మేనేజర్ కాల్ పెట్టాడు. క్లయింట్ తేదీ మార్చాడట. "ఈ శనివారం రిలీజ్. పొద్దున్నుంచి అందరం ఆన్‌లైన్‌లో ఉండాలి. మీరు లీడ్ చేయండి, మీరైతే టెన్షన్ పడరు కదా" అన్నాడు నాతో.

శనివారం. అదే మాట, అదే రిలీజ్. వేలు మీట దాకా పోయింది. మీట మీద ఆగింది, నొక్కలేదు. నా ఊపిరి ఒక్కసారిగా బయటికి వచ్చింది, గరగరమంటూ, అసహ్యంగా. అంతమంది చెవుల్లోకీ పోయింది.

"ఏమైనా చెప్పాలా మీరు?" అన్నాడు మేనేజర్, మెల్లగా.

అంతమంది విన్నాక ఏమీ లేదని చెప్పడం కుదరదు. "శనివారం నాకు వీలుకాదండి. వేరేవాళ్లను చూసుకోండి" అన్నాను. గొంతు వణికింది. నా వణుకు నేనే వినడం అదే మొదలు. ఆయన "సరేనండి, చూద్దాం" అన్నాడు. భూమి బద్దలవుతుందనుకున్నాను, ఏమీ కాలేదు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో పెరుగన్నం కూడా తినగలిగాను.

శనివారం బోరబండ మెట్లెక్కాను. రేడియో అమ్మాయి అప్పటికే చెప్పి వెళ్లిపోయిందట, బాగా చెప్పిందట కూడా. సీరియల్ తాలూకు పెద్దమనిషి అద్దం అవతల కూర్చుని టీ తాగుతున్నాడు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. తెర మీద ఆ పెద్ద కోడలు కొంగుతో చేతులు తుడుచుకుని ఫోన్ ఎత్తింది.

"హలో... ఆఁ, చెప్పండి."

ఆమె చెవిలో వాళ్లేం చెప్పారో నాకు తెలియదు. నా చెవిలో మాత్రం తమ్ముడే చెప్పాడు. వేలు కదిలింది. కదలనిచ్చాను. దాని కింద మీట లేదు. ఊపిరి లోపలికి పోయింది, మధ్యలో తెగింది, మళ్లీ పోయింది. ముక్కు చప్పుడైంది. గొంతులో ఏదో విరిగిన చప్పుడు వచ్చింది, అది నేను ఎక్కడా సాధన చేసింది కాదు. తెర మీద ఆమె పెదవి కదలగానే "సరే" అన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది. బొమ్మ ఆగిపోయింది.

నేను ఆగలేదు. బొటనవేలు చూపుడువేలిని నొక్కుతూనే ఉంది, నొక్కిన కొద్దీ ఏడుపు పెద్దదవుతోంది. రెండేళ్లనాటిది.

"మేడం, టేక్ ఓకే అయింది" అన్నాడు అద్దం అవతల అతను. నేను ఆపకపోయేసరికి, "ఇగ అయిపోయింది మేడం, ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాడు.

మా డబ్బింగ్ ఆవిడ లేచి వచ్చి మైకు గది తలుపు తెరిచింది. నా హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది. "ఈ అమ్మాయే చెబుతుంది" అని వెనక్కి తిరిగి ఆ పెద్దమనిషితో అంది. ఆయన అప్పటికే తల ఊపుతున్నాడట, నేను చూడలేదు. ఆవిడ తలుపు మళ్లీ మూయలేదు. నా ఏడుపు రికార్డింగ్ గది దాటి, మెట్లు దిగి, వీధిలోకి పోయింది.

కింద కుట్టుమిషన్ల దుకాణం ముందు నిలబడ్డవాళ్లు పనులు ఆపి పైకి చూశారని తర్వాత చెప్పారు. మా నాయన అడిగినంత గట్టిగా నా గొంతు వీధికి వినపడింది అప్పుడే.