మందు మొక్క బోర్డు

మోహిని మామూలుగా మాట్లాడినా తిట్టినట్టే ఉంటుంది. ఖాకీ చొక్కా చేతులు పైకి మడిచి, రక్షిత అడవి ఉన్న కొండ కింద గేటు దగ్గర కూర్చుని, దిగివచ్చే ప్రతి సంచినీ బోర్లిస్తుంది. చిలకపిల్లనైనా, పిల్లలు కోసుకున్న పువ్వునైనా వదలదు. ఆ రోజు పూండి వైపు నుంచి వచ్చిన ఒక ముసలి జాలరి సంచిలోంచి తడిమట్టి ఆరని వేళ్లు రాలిపడ్డాయి. ఈ కొండ మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదని కంచె కట్టి కాపాడుతున్న మొక్క వేళ్లవి.

"ఎందుకు పీకినావు మావా?"

"మా ఇంటిదానికి కిడ్నీలు పోనాయమ్మా. మందు మొక్కని మీరే బోర్డు ఎట్టినారు గదా."

పలాసలో డయాలసిస్ చేయించుకునే తన మొగుడు కూడా ఏడాదిగా ఆ మొక్క వేరు తెమ్మని పోరుతున్నాడు. మోహిని తేలేదు. ఇప్పుడు వేళ్లు లాక్కుని, గునపం పట్టుకుని కొండెక్కింది. వాటిని ముసలాయన తవ్విన గుంతలోనే పాతి నీళ్లు పోసింది. పక్కనే ఆఫీసర్లు నిలబెట్టిన బోర్డు: 'అత్యంత అరుదైన ఔషధ మొక్క. తాకరాదు.' ఆ బోర్డును పునాదితో సహా పెకలించి కిందపడేసింది.

"ఏ రోగానికో రాయనేదు సచ్చినోళ్లు," అంది.