కచ్చా కుట్టు కాలర్లు

2023 మే నెల. ఛత్రినాకలో నా లేడీస్ టైలరింగ్ షాపులో ఫ్యాన్ కింద కూర్చున్నా చెమటలు కారే రోజులు. సుభద్ర మేడం నాలుగు పాత జాకెట్లు పట్టుకుని వచ్చారు. కాకినాడ వైపు మనిషి. ప్రభుత్వ ఉద్యోగంలో బదిలీ మీద వచ్చి, లాల్‌దర్వాజాలో ఒక గది తీసుకుని ఒక్కరే ఉండేవారు.

నాలుగింటికీ కాలర్ నెక్ కావాలన్నారు. అంటే మెడ దాకా గుడ్డ అతికి మూసేయడం. నా నోరు ఊరుకోదు కదా, ఈ ఎండల్లో ఉడికిపోతానని ఏమైనా మొక్కుకున్నారా అని ఎగతాళి చేశాను. ఆమె నవ్వలేదు. మెడ చుట్టూ టేపు తిప్పుతుంటే నా వేలికి గడ్డ తగిలింది. థైరాయిడ్ గడ్డట. సూదితో అందులోంచి కాస్త తీసి పరీక్షకు పంపారట. క్యాన్సరా కాదా అన్నది ఇంకా తేలలేదు.

"కనబడితే అడుగుతారు యాదమ్మ గారూ. అడిగితే చెప్పాలి. చెప్పడానికి నాకే ఇంకా తెలీదు," అన్నారు.

ఊళ్లో ఉన్న అమ్మకు కూడా చెప్పలేదట. సాయంత్రం గది తాళం తీశాక మళ్లీ పొద్దున దాకా మాట్లాడే మనిషే ఉండదట. నాకు మనసు చివుక్కుమంది. కాలర్లకు కచ్చా కుట్టే వేశాను, పోగు లాగితే ఊడివచ్చేది.

"రిపోర్టు మంచిగనే వస్తది మేడం. వచ్చినంక గుంజి పారేద్దం," అన్నాను.

తర్వాతి వారం షాపు ఫోను మోగింది. ల్యాబు నుంచి. మేడం ఫోను ఎత్తడం లేదని, రిపోర్టు వచ్చిందని, ఎవరినైనా తోడు తెచ్చుకోమని చెప్పమన్నారు. మధ్యలో రిపోర్టు సంగతి కనుక్కోవడానికి వెళ్లినప్పుడు ల్యాబువాళ్లు రెండో నంబరు అడిగితే, మేడం చేతిలో ఉన్న మా షాపు సంచి మీది నంబరు చదివి చెప్పారట. ఇంత పట్నంలో ఆమెకు దొరికింది నా నంబరే. నాకు ఏడుపొచ్చింది.

"ఆమెకు మీరేమైతరు?" అని అడిగింది ల్యాబు అమ్మాయి.

"అక్కనైత," అన్నాను.

షట్టరు దించి ఆమె గదికి వెళ్లాను. ల్యాబు ఫోను ఎత్తే ధైర్యం లేక, ఆఫీసుకు సెలవు పెట్టి గదిలోనే కూర్చున్నారు. ఇద్దరం ఆటోలో పోయాం. క్యాన్సరే. ఆపరేషన్ చేయాలని, ఇది చాలావరకు నయమయ్యే రకమేనని డాక్టరు చెప్పారు. తిరిగి వచ్చేదాకా ఆమె నా చేయి వదల్లేదు. షాపులో కూర్చోగానే, తొడుక్కున్న జాకెట్ కాలరు పోగు తనే లాగడం మొదలుపెట్టారు. ఉండనీయమన్నాను.

"ఇప్పుడు తెలిసింది కదక్కా. అడిగితే చెబుతాను," అన్నారు. అక్కడి నుంచే అమ్మకు ఫోను చేశారు. ఆపరేషన్ రోజు ఆ పెద్దావిడా నేనూ బయట బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నాం. ఇప్పుడు మేడం మెడ మీద సన్నని గీత ఉంది. దాచుకోరు.

అప్పటి నుంచి ఎవరైనా మెడ మూసి కుట్టమంటే నేను ఎగతాళి చేయను. కొలతలు తీస్తూనే ఇంట్లో ఎవరెవరుంటారని అడుగుతాను. ఎవరూ లేరంటే స్టూలు జరిపి కూర్చోమని, రెండు చాయ్ తెప్పిస్తాను.