గాలి బస్సులో నిమ్మకాయ

అప్పట్లో కొండాపూర్‌లో మా మెకానిక్ షెడ్డు ముందు రోడ్డు కన్నా రాళ్లే ఎక్కువ. కొత్తగా లేస్తున్న ఆఫీసులకు ఉద్యోగులను తిప్పుతానని మా ఓనరు బొంబాయి నుంచి ఒక విదేశీ బస్సు కొనుక్కొచ్చాడు. పాతదే. కానీ దాని కింద కుదుపు ఆపే ఇనప కమాన్ కట్టలు లేవు, వాటి బదులు నల్లటి రబ్బరు గాలి బుంగలున్నాయి. అలాంటిది షెడ్డులో ఎవరూ చూసి ఎరగరు. నేను రాజమండ్రిలో లారీల కింద పెరిగినవాణ్ణి కాబట్టి, చూడకపోయినా తెలుసన్న ధీమా నాకుండేది.

దాని డ్రైవరు కొత్తగూడ మనిషి, నాకన్నా బాగా పెద్దవాడు. పెళ్లికి ముందు నుంచీ బళ్లు నడుపుతున్నా, భార్యను మాత్రం ఏనాడూ ఎక్కించుకోలేదు. బస్సెక్కితే ఆమెకు ఒకటే వాంతులు. ఊళ్లోవాళ్లందర్నీ యాదగిరిగుట్టకు తిప్పుకొచ్చాడు, ఆమెను తప్ప. గాలి బుంగల బస్సు కుదపదని ఎవరో చెప్పిన దగ్గర్నుంచి ఆయనకు వేరే ధ్యాస లేదు.

"తమ్మీ, జర మంచిగ సెట్ చెయ్. ఈసారి ఆమెను ఎక్కించి చూస్త," అన్నాడు.

బస్సు ఒక పక్క కాస్త కూలబడి ఉంది. యాక్సిల్ దగ్గర ఒక వాల్వు, దానికి సన్నటి కడ్డీ. కడ్డీ పొడవు మారిస్తే బస్సు ఎత్తు మారుతుంది. యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉండాలో తలుపు పక్కన రేకు మీద రాసే ఉంది. చదివి నవ్వుకున్నాం. జనం ఎక్కితే ఏ బండైనా దిగాల్సిందే కదా! కమాన్ కట్టలకు వదిలినట్టే దీనికీ నాలుగు వేళ్లు ఎక్కువ వదలాలని షెడ్డంతా ఏకగ్రీవంగా తీర్మానించింది. బస్సు ఠీవిగా లేచి నిలబడింది.

ఆదివారం ఆమె గంజి పెట్టిన చీర కట్టుకుని వచ్చింది. టైర్ల కింద తొక్కించగా మిగిలిన నిమ్మకాయ ఒకటి వాసన చూడటానికి చేతిలో పెట్టుకుంది. ప్రతి గుంతకూ బస్సు దబ్బుమని ఎత్తేసింది. కొత్తగూడ చౌరస్తా రాకముందే ఆపమంది. దిగి, రోడ్డు పక్కన కక్కుకుని, కొంగుతో మూతి తుడుచుకుని, మమ్మల్ని వదిలి ఇంటికి నడిచిపోయింది. ఆయన స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. నాకు చాలా బాధేసింది, ఆ బస్సు మీద ఒళ్లు మండింది.

షెడ్డుకు తెచ్చి, అందర్నీ ఎక్కి కూర్చోమని నేను చక్రం పక్కన కూలబడ్డాను. బాడీ కాస్త దిగింది. కడ్డీ కదిలింది. బుస్సుమంటూ బుంగల్లోకి గాలి పోయి మళ్లీ మొదటి ఎత్తుకే లేచింది. వాళ్లు దిగితే ఎక్కువైన గాలి వదిలేసి అక్కడే ఆగింది. ఎంతమంది ఎక్కినా ఇది దిగే రకం కాదు. మేం ఉదారంగా వదిలిన నాలుగు వేళ్లూ అలాగే ఉండిపోతే, నిక్కి నిలబడ్డ బుంగల్లో మెత్తదనం ఎక్కడిది?

బస్సును చదునైన చోట ఆపి, ఇంజిను నడిపి గాలి నింపి, నట్లు వదులు చేసి, ఈసారి బుద్ధిగా రేకు మీదున్న కొలతకే బిగించాం.

ఆమె మాత్రం రానంది. వాళ్లింటికెళ్లి నేనే బతిమాలాను. ఆ మరుసటి ఆదివారం వచ్చి, ఆయన వెనక సీట్లో కూర్చుని నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుంది. ఖాజాగూడ దారిలో ఆయన రోడ్డు కన్నా అద్దంలో ఆమెనే ఎక్కువ చూస్తుంటే, ముందుకు చూడన్నా అని నేను కసురుతూనే ఉన్నాను. చెరువు దగ్గర భయపడుతూ ఆపాడు.

నిమ్మకాయ ఎప్పుడు జారిందో, సీటు కింద పడి ఉంది. ఆమె కిటికీలోంచి చెరువు పక్కన రాతి గుండ్లను చూస్తోంది.

"ఎందుకు ఆపినవ్?" అంది. "ఇది యాదగిరిగుట్ట దాంక పోతదా?"

ఆయన వెనక్కి తిరగలేదు. మెడలో తువ్వాలు తీసి, శుభ్రంగానే ఉన్న అద్దాన్ని చాలాసేపు తుడిచాడు.

"పోతది," అన్నాడు.