లెక్కల మేడమ్ పెట్టిన చుక్క

ఏడో ఎక్కం అప్పజెబుతూ మా పాప ఏడెనిమిదుల దగ్గర ఆగింది. నేను కసరలేదు, చెయ్యి ఎత్తలేదు. అయినా అది ముందే చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్ల నన్ను చూసి భయపడుతోంది.

ఇంటర్‌లో మాకు లెక్కలు చెప్పిన మేడమ్ గుర్తొచ్చారు. రాజమండ్రిలో మా కాలేజీలో మార్కులను బట్టి సెక్షన్లు మార్చేవారు. నేను ఆఖరి సెక్షన్‌లో తేలాను. స్టాటిస్టిక్స్ లెక్కలు అంకెలతో సహా బట్టీ పట్టేదాన్ని. పరీక్షలో అంకెలు మార్చి ఇచ్చేసరికి ఎప్పుడూ మైనస్ రాని విస్తృతిని (వేరియన్స్‌ని) మైనస్‌లో తేల్చి, జవాబు చుట్టూ డబ్బా కూడా గీశాను.

"వర్గాలన్నీ కలిపి మైనస్ తెచ్చావా! ఇంతకన్నా కింద సెక్షన్ లేదే తల్లీ!" అని పక్క బెంచీ అమ్మాయి పకపకా నవ్వింది.

మేడమ్ నవ్వలేదు. ఆవిడ ఎవరి పేపరు మీదా ఇంటూ పెట్టేవారు కాదు. లెక్క దారి తప్పిన చోట పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టేవారు.

"ఇక్కడిదాకా బానే వచ్చావమ్మా. ఇక్కణ్ణించి మళ్ళీ చేద్దామా?" అన్నారు.

ఆవిడ దగ్గరికి పేపరు పట్టుకెళ్ళడానికి నేనెప్పుడూ భయపడలేదు. అలాంటి మనిషి దగ్గర చదువుకుని, నా పిల్లలకు చెంపదెబ్బలతో చదువు చెబుతున్నాను. సిగ్గుతో పాప ముఖం చూడలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే పాపనీ, దాని తమ్ముణ్ణీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

"మిమ్మల్ని కొట్టడం నా తప్పమ్మా. ఇంకెప్పుడూ కొట్టను. ఇంటర్‌లో లెక్కల్లో ఫస్ట్ వచ్చానని చెప్పాను కదా, అది అబద్ధం. ఫెయిలయ్యాను."