బావమరిది తెచ్చిన అడాప్టరు

కరోనా సెలవులు ముగిసిన మరుసటి ఏడాది నేను నరసరావుపేట దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ ఇన్‌ఛార్జిని. వార్షికోత్సవంలో ముఖ్య అతిథి చేత ఒక పాతకాలపు హోమ్ కంప్యూటర్‌ను ఆన్ చేయించాలని కరస్పాండెంటు గారికి బుద్ధి పుట్టింది. దాన్ని బాగుచేసే పని నా నెత్తిన పడింది.

కంప్యూటర్ కళాశాలది కాదు. మా సహోద్యోగి సువర్చల మేడంకి చిన్నప్పుడు క్రోసూరులో వాళ్ల నాన్న కొనిపెట్టినది. ఆమె ప్రోగ్రామింగ్ నేర్చుకున్నది దాని మీదే. కళాశాల యజమాని కరస్పాండెంటు గారే, ఆయన అడిగాడని కాదనలేక తెచ్చింది. "సార్, ఇది మాడిపోతే ఇట్టాంటిది నాకు మళ్లీ దొరకదు" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

దాని అడాప్టరు, మానిటరు ఏనాడో పోయాయి. దానికి తొమ్మిది వోల్టుల డీసీ కావాలి. పైగా పిన్ను లోపల నెగటివ్, బయట పాజిటివ్. ఇప్పటి అడాప్టర్లు చాలావరకు దీనికి తిరగేసి ఉంటాయి. కొత్తది కొన్నాను, కానీ దాని వైర్లు అటుదిటు మార్చి సోల్డరు చేసి, మీటరుతో కొలిచాకే తగిలించాలి. మానిటరు బదులు పిడుగురాళ్లలో ఒక సున్నపుబట్టీ ఆఫీసు నుంచి పాత డబ్బా టీవీ తెప్పించాను.

తీరా ఆ పని మొదలుపెట్టేలోగా, వార్షికోత్సవం ఉదయం కరెంటు పోయింది. జనరేటరు వేదిక మీది లైట్లకూ మైకులకేనట, ల్యాబ్‌కు ఇవ్వరట! సోల్డరింగు ఐరన్ వేడెక్కే దారి లేదు. ముహూర్తం మాత్రం ఆగదు. కంప్యూటర్‌కు బొట్టు పెట్టి, దండ వేసి, టీవీతో సహా వేదిక ఎక్కించారు.

అప్పుడు కరస్పాండెంటు గారి బావమరిది, మాచర్ల వైపు పెద్ద నాయకుడట, ఆఫీసులోని వైఫై రౌటర్ అడాప్టరు పీక్కొచ్చాడు. అది పన్నెండు వోల్టులది, పైగా పిన్ను లోపల పాజిటివ్; తగిలిస్తే కంప్యూటర్ మాడిపోతుంది. నేను అతనికి ఓపిగ్గా చెప్పాను. ఎంత వెర్రివాణ్ణి!

"పిన్ను పడతంది గదయ్యా, ఇంకేంది నీ గోల? వర్జ్యం వచ్చేస్తంది!" అన్నాడు. అతిథి మొహం చూస్తూ కరస్పాండెంటు గారు నవ్వారు. సువర్చల తన కంప్యూటర్ దగ్గరికి జరిగింది. అతను పిన్ను కంప్యూటర్ దగ్గరికి తెచ్చేసరికి, జేబులోంచి కట్టర్ తీసి అడాప్టరు వైరు తెంపేశాను.

"ఏంది సార్ నువ్వు చేసింది!" అని ఎగిరాడు. పంతులు గారు కొబ్బరికాయ కొట్టారు, అతిథి కరెంటు అందని కంప్యూటర్ మీట నొక్కాడు, అందరూ చప్పట్లు కొట్టారు. బొమ్మ రాలేదని ఒక్కరూ అడగలేదు.

వాళ్లంతా భోజనాలకు పోయాక కరెంటు వచ్చింది. సోల్డరు చేశాను, కొలిచాను, తగిలించాను. టీవీలో ఛానల్ వెతికితే తెల్లటి తెర మీద అక్షరాలు వచ్చాయి. సువర్చల తన పేరు తెర నిండా పడేలా రెండు లైన్ల ప్రోగ్రాం కొట్టింది. అంతలో కరస్పాండెంటు గారు వచ్చి, దాన్ని కళాశాలలోనే అద్దాల పెట్టెలో ఉంచేద్దామన్నారు.

"ఉంచను సార్, ఇంటికి తీసుకెళ్తన్నా" అందామె. ఆ యజమానికి ఆమె కాదని చెప్పగా వినడం నాకు అదే మొదలు.

నా సర్వీసంతా ఏది పాజిటివ్, ఏది నెగటివ్ అనే పోలారిటీ గురించి పాఠాలు చెప్పాను. ఆ రోజు నేను నేర్చుకున్నది ఇది: పెద్దమనిషి చేతిలో తప్పు అడాప్టరు ఉన్నప్పుడు పాఠం చెప్పకూడదు, వైరు తెంపాలి.