మా ఇంటి సీమంతానికి వచ్చిన పెద్దావిడ

ఎవరైనా దయ్యాలు, ఆత్మలు అని మొదలుపెడితే నేను ఊరుకునే రకం కాదు. "మీరే చూశారా? ఏ వెలుతుర్లో చూశారు? కళ్ళజోడు పెట్టుకున్నారా?" అని అడిగి అడిగి, చెప్పేవాళ్ళ ఉత్సాహం చల్లారేదాకా వదలను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. చదవకపోయినా నువ్వు ఇలాగే ఉండేదానివి అంటారు మా ఆయన. ఇప్పుడు చెప్పబోయేదాని గురించి ఆ ప్రశ్నలన్నీ నన్ను నేనే వేసుకున్నాను. మీరు కొత్తగా అడిగేదేం ఉండదు.

2012 ఎండాకాలం. అప్పుడు మేం టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో ఉండేవాళ్ళం. మా అపార్ట్‌మెంట్లలో సగానికి సగం తెలుగువాళ్ళే. మా కింద ఫ్లోర్‌లో శిరీష, కిరణ్ ఉండేవారు. చిన్న వయసు, కొత్త కాపురం. శిరీషకి తొలిచూలు.

ఐదో నెల స్కాన్‌లో తేడా కనిపించింది. తర్వాత చేసిన టెస్టుల్లో ట్రైసోమీ 18 అని తేలింది. అంటే బిడ్డ ఒంట్లో ఉండాల్సినదానికంటే ఒక క్రోమోజోమ్ ఎక్కువ ఉంది. గుండె సరిగ్గా ఏర్పడలేదు. నెలలు నిండేదాకా నిలవకపోవచ్చు, కాన్పులోనే పోవచ్చు, పుట్టినా గంటలో, మహా అయితే రోజుల్లో అన్నారు. ఆడపిల్ల.

వద్దనుకునే వీలు ఇంకా ఉందని డాక్టరు చెప్పింది. ఇద్దరూ తలుపు వేసుకుని ఆలోచించుకుని, ఉంచుకుంటాం అన్నారు. శిరీష నాతో చెప్పింది ఇదే.

"బతికించమని నేను ఎవర్నీ అడగట్లేదక్కా. ఒక్కసారి ప్రాణంతో నా చేతుల్లోకి రావాలి. మొహం చూసి పంపిస్తాను."

ఇది మావాళ్ళలో చాలామందికి ఎక్కలేదు. పిచ్చిదన్నవాళ్ళున్నారు. విభూతి పొట్లాలు తెచ్చి, రోజూ పెట్టుకో, రిపోర్టులే మారిపోతాయి అన్నవాళ్ళున్నారు. మిగిలినవాళ్ళు ఆ అమ్మాయి కనపడగానే ఎండల గురించీ, గ్రీన్‌కార్డు గురించీ మాట్లాడేవారు. పొట్ట అంత ఎత్తుగా కనిపిస్తుంటే, దానివైపు చూడకుండా మాట్లాడటం కూడా ఒక విద్యే. వాళ్ళమ్మగారికేమో రెండుసార్లు వీసా రిజెక్ట్ అయింది.

కిరణ్‌కి సెలవులు లేక, హాస్పిటల్‌కి చాలాసార్లు నేనే డ్రైవ్ చేసుకుని తీసుకెళ్ళాను. అక్కడ ఇలాంటి తల్లిదండ్రుల కోసమే ఒక నర్సు ఉంది. పుట్టాక మెషీన్లేవీ పెట్టకుండా, నొప్పి తెలీకుండా, వెచ్చగా అమ్మ దగ్గరే ఎలా ఉంచుతారో ఓపిగ్గా చెప్పేది. దాన్ని కంఫర్ట్ కేర్ అంటారట. మొదటిరోజే ఆవిడ, పాపకి ఏం పేరు అనుకుంటున్నారు అని అడిగింది. మనవాళ్ళలో ఒక్కరూ అడగని ప్రశ్న అది. నాతో సహా.

ఎనిమిదో నెల వచ్చాక, ఒకరోజు కారు దిగబోతూ, "అక్కా, నాకు సీమంతం చేస్తారా? అమ్మ వచ్చుంటే చేసేది" అంది శిరీష.

చేస్తానన్నాను. ఫోన్లు మొదలుపెట్టాను. అప్పుడు మొదలైంది యుద్ధం. పక్క బ్లాకులో ఉండే విజయగారు, "ఆ బిడ్డ దక్కదని తెలిసీ సీమంతం ఏమిటండీ, అశుభం" అన్నారు.

"మీవాడు స్పెల్లింగ్ బీ పోటీలో మొదటి రౌండ్ దాటడని తెలిసీ మీరు కోచింగ్ పెట్టించలేదూ? దీనికేం వచ్చింది?" అన్నాను.

ఆవిడ ఫోన్ పెట్టేశారు. అయినా వచ్చారు. రాకపోతే ఆ మాట ఊరంతా చెప్తానని భయం.

పిలిచినవాళ్ళలో ఎక్కువమంది రాలేదు. ఒకరికి తలనొప్పి, ఒకరికి పిల్లాడి స్విమ్మింగ్. విజయగారు, ఎదురింటి పద్మ, పద్మ స్నేహితురాలు లలిత, నేను. అంతే. ఐదుగురు ముత్తయిదువలు లేకుండా గాజులెలా తొడుగుతామని విజయగారు అప్పుడే సణుగుడు మొదలుపెట్టారు.

శనివారం మధ్యాహ్నం, మా ఇంట్లోనే, ఫోటోలకి మా ఆయన. బయట మంచి ఎండ. వచ్చేవాళ్ళు ఇంకా ఎవరైనా ఉన్నారేమోనని తలుపు దగ్గరగా వేసి ఉంచాను. నేను వంటింట్లోంచి చలిమిడి పళ్ళెం పట్టుకొచ్చేసరికి, శిరీష పక్కన ఒక పెద్దావిడ కూర్చుని ఉన్నారు. గచ్చకాయ రంగు నేత చీర, రూపాయంత బొట్టు, కాళ్ళకి మెట్టెలు.

నాకు ఏమాత్రం వింతగా అనిపించలేదు. అమెరికాలో తెలుగువాళ్ళ ఇంట్లో తెలియని పెద్దావిడ కనిపిస్తే ఎవరూ పేరడగరు. ఎవరి అత్తగారో, ఎవరి అమ్మగారో ఆరు నెలలకని వచ్చుంటారు. పద్మ వాళ్ళమ్మ కాబోలు అనుకుని, "బాగున్నారా పిన్నిగారూ" అన్నాను. ఆవిడ తల ఊపారు.

మేం నలుగురం గాజులు తొడిగాం. ఒక్కరం కూడా పొట్టవైపు చూడలేదు. చివర ఆవిడ వంతు వచ్చింది. గాజుల పళ్ళెం ముట్టుకోలేదు. శిరీష కడుపు మీద చెయ్యి వేసి, పక్కింటి పిల్లతో మాట్లాడినట్టు మాట్లాడారు.

"తొందరేం లేదు తల్లీ. అమ్మ చేతుల్లోకి వచ్చి, కాసేపు ఉండి వెళ్దువుగాని."

విజయగారు, "అయ్యో, శుభమా అని సీమంతం చేస్తుంటే అవేం మాటలండీ!" అన్నారు. పెద్దావిడ అటు తిరగను కూడా తిరగలేదు. కొంగుముడి విప్పి, పసిపిల్లల నల్లగాజులు రెండు తీసి శిరీష ఒడిలో వేశారు.

పుట్టకముందు బిడ్డ కోసం మనం నూలుపోగు కూడా కొనం. పద్మ ఉండబట్టలేక, "పుట్టాక ఇద్దురుగానిలెండి" అంది.

"దీనికి ముందే ఇవ్వాలి" అన్నారు ఆవిడ. అంతే. ఇంకేం మాట్లాడలేదు.

శిరీష ఏడ్చింది. నెలల తరబడి ఆ అమ్మాయి ఏడుపులు చూస్తున్నాను, ఇది అలాంటిది కాదు. ఏడుస్తూనే చలిమిడి అడిగి తింది. ఆ హడావుడిలో పెద్దావిడ ఎప్పుడు లేచారో, ఎటు వెళ్ళారో ఎవరం చూడలేదు. బయట ఆవిడ చెప్పులు ఉన్నాయా అని అడక్కండి. నేను చూడలేదు.

నెల తిరక్కుండానే నొప్పులొచ్చాయి. కిరణ్ బతిమాలితే నేనూ ఆ గదిలోనే ఉన్నాను. పాప గుండె చప్పుడు పడిపోతూ లేస్తూ ఉంది. పుట్టినప్పుడు ఏడవలేదు, కదల్లేదు, రంగు కూడా బాగాలేదు. అయిపోయింది అనుకున్నాను. ఆ నర్సు తుడిచి శిరీష గుండెల మీద పడుకోబెట్టింది. కాసేపటికి పాప నోరు తెరిచి ఊపిరి తీసుకుంది. పిల్లికూన అరిచినట్టు చిన్న శబ్దం చేసింది.

పొద్దున పుట్టిన పిల్ల అలా మధ్యాహ్నం దాకా ఉంది. ఒక కన్ను కొద్దిగా తెరిచి చూసింది. తల్లి చేతుల్లోనే, నిద్రపోయినట్టు వెళ్ళిపోయింది. పేరు అమూల్య.

పాప ప్రాణంతో ఉండగానే శిరీష నల్లగాజులు తీసి తొడగమంది. ఈ జబ్బున్న పిల్లలకి పిడికిళ్ళు బిగుసుకుని ఉంటాయి, వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి. విడదీయలేం. ఆ చెయ్యి నా బొటనవేలి కంటే కాస్త లావు. ఎక్కవు శిరీషా అనబోయాను. నర్సు మెల్లగా తోస్తే రెండూ ఎక్కాయి. ఎక్కి, జారిపోకుండా మణికట్టు దగ్గర నిలిచాయి. కొలత తీసుకుని చేయించారా అని అడిగింది నర్సు.

తర్వాత నేను ఇర్వింగ్‌లో ఇండియన్ కొట్లన్నీ తిరిగాను. ఇండియా వెళ్ళినప్పుడూ వెతికాను. చూపించినవాటన్నింటిలోకీ చిన్న నల్లగాజులో కూడా అలాంటి చేతులు రెండు పడతాయి.

పాపని సాగనంపిన తర్వాత శిరీష, "ఆ పెద్దావిడ ఎవరి అత్తగారక్కా? నా చేతుల్లోకి వచ్చిందని ఆవిడకి చెప్పాలి" అంది.

పద్మకి ఫోన్ చేశాను. "మా అమ్మా? మా అమ్మ గుంటూరులో ఉంది. విజయగారి అత్తగారు కదూ" అంది. విజయగారేమో, "చాల్లెండి, మీ అత్తగారొచ్చిన సంగతి మాకు చెప్పనే లేదని నేనే అనుకుంటున్నాను" అన్నారు. మా అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. లలిత కూడా మా అత్తగారే అనుకుందట.

ఒక ఫోటో ఉంది. అందులో ఆవిడ వీపూ ముడీ కనిపిస్తాయి, మొహం లేదు. ఇందులో మహిమేం లేదు. తీసింది మా ఆయన. ఆయన తీసిన ఫోటోల్లో నాకూ మొహం ఉండదు.

నేను వదల్లేదు. సాయంత్రం వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్ళందరికీ ఆ ఫోటో చూపించాను. గుళ్ళో అడిగాను. ఆ చీర చూశామన్నవాళ్ళు కూడా లేరు. దారిన పోతూ పేరంటం అనుకుని వచ్చి, ఆ వారమే ఇండియా వెళ్ళిపోయి ఉండొచ్చని మా ఆయన వాదన. ఉండొచ్చు. శిరీష ఫోన్లో మాట్లాడుతుంటే విని, పాప సంగతి తెలుసుకుని ఉండొచ్చు. మరి పుట్టని బిడ్డ చేతి కొలత ఎవరు చెప్పారు? అక్కడ ఆయన టీవీ సౌండ్ పెంచుతారు.

చివరికి ఆపమన్నది శిరీషే. "వద్దక్కా. దొరికితే ఆవిడ ఎవరికో అత్తగారైపోతుంది. నా పిల్లతో మాట్లాడిన మనిషి ఆవిడొక్కరే. అలాగే ఉండనివ్వండి."

ఆపాను. జవాబు దొరికి కాదు. ఆ నలుగురిలో నేనూ ఒకదాన్ని, ఆ పిల్లతో ఒక్క మాటైనా మాట్లాడనిదాన్ని, శిరీషతో ఏమని వాదించను?

ఆవిడ ఎవరో, ఆ గాజులు ఎక్కడివో నాకు ఈరోజుకీ తెలియదు.