బతికున్న అక్కకు రాసిన సంతాపం

జరగని చావు ఒకటి నన్ను కొన్నేళ్లుగా కుదురుగా ఉండనివ్వడం లేదు. నా బ్లాగు చదివిన మీలో చాలామందికి ఆ చావు తెలుసు. మా అక్కది. మీరు నన్ను ఓదార్చారు కూడా.

అక్క చనిపోలేదు.

ఈ రెండు మాటలు రాయడానికి ఇంతకాలం పట్టింది.

మాది బోధన్. బాపు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మమ్మల్ని కన్న బాపు, అవ్వ ఇద్దరూ పోయాక అక్క, నేను మిగిలాం. అక్క బీడీలు చుట్టేది. నేను నిజామాబాద్‌లో ఒక డీటీపీ షాపులో పెళ్లిపత్రికలు, దశదినకర్మ కార్డులు టైపు చేసేవాణ్ని. పొద్దంతా ఇతరుల పేర్లే.

బ్లాగు ఎందుకు మొదలుపెట్టానో మొదటి పేజీలో గొప్పగా రాసుకున్నాను. మన యాస నెట్‌లో కనబడాలని, మన చెరుకు పొలాల సంగతి పదిమందికి తెలియాలని. అది పూర్తిగా అబద్ధమని అనను. కానీ అసలు కారణం వేరు. నా పేరు కింద ఉన్నదాన్ని ఎవరైనా చదవాలి. అంతే.

ఒళ్లో బీడీల చాట పెట్టుకుని అక్క చెప్పిన ముచ్చట్లే నా తొలి రాతలు. చెరుకు బండ్ల వెనక ఉరికి గడలు గుంజుకున్న రోజులు, సైరన్ కూస్తే అన్నం ముందునుంచి లేచిపోయే బాపు. ఎవరూ చదవలేదు. ఒకాయన మాత్రం 'బాగుంది' అని రాసి, కింద తన బ్లాగు చిరునామా ఇచ్చుకున్నాడు.

అప్పుడు అక్కకు పచ్చకామెర్లు వచ్చాయి. నిజామాబాద్ ఆసుపత్రిలో చేర్చాను. ఒక మధ్యాహ్నం ఆమె నిద్రపోతుంటే షాపుకు వచ్చి నా భయాన్ని రాయబోయాను. అక్క పోతుందేమో అని. రాస్తూ రాస్తూ ఉంటే 'పోతుందేమో' కంటే 'పోయింది' అన్న మాట వాక్యంలో బాగా కుదిరింది. ఎంత నీచమో చూడండి. కుదిరిందని ఉంచేశాను.

సాయంత్రానికి వ్యాఖ్యలు మొదలయ్యాయి. ఎన్నడూ చూడని మనుషులు నన్ను తమ్ముడూ అన్నారు, ఏడ్చామన్నారు. అక్క కోలుకుని ఇంటికి వచ్చింది. నేను ఆమె వండిన అన్నం తిని వెళ్లి, ఆమె లేని ఇంటి గురించి రాశాను. తప్పని తెలియదా? తెలుసు. మరి ఎందుకు ఆపలేదు? ఆపితే మళ్లీ నన్నెవరూ చదవరు.

ఒక ఆదివారం ఆర్మూర్ నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. బ్లాగులో మా గల్లీ పేరు రాసుకున్నాను కదా, దారి అడుగుతూ వచ్చేసింది. తలుపు తీసింది అక్కే.

"బ్లాగు రాసే తమ్ముని ఇల్లు గిదేనా అమ్మా? ఆయన అక్క పోయిందని సదివిన. మా అక్క గూడ గట్లనే పోయింది. ఇంట్ల ఉండబుద్ధి గాక వచ్చిన."

నేను లోపలి గదిలో నిలబడిపోయాను. అక్క వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ చూపు ఎలా ఉందో రాయలేను, రాయను.

"రా అమ్మా, కూసో," అంది. "నేను ఆమె చెల్లెను."

టీచరమ్మ అక్క చేతులు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తన అక్క పోయినప్పుడు కూడా ఏడవలేదట. అక్క ఆమెకు చాయ్ పోసింది, బస్టాండు దాకా వెళ్లి బస్సెక్కించి వచ్చింది. వచ్చి చాట ముందేసుకుని కూర్చుంది.

"ఏం రోగమొచ్చి సచ్చిన్రా నేను?"

"కామెర్లు."

"ఎందుకు రాసినవ్?"

"అందరు సదివిన్రు అక్కా."

"బతికున్నదాని ముచ్చట సదువరా మరి?"

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ రోజు నుంచి నాకు ముచ్చట్లు చెప్పడం మానేసింది. అన్నం పెడుతుంది, జ్వరమొస్తే మందు తెస్తుంది, ముచ్చట మాత్రం చెప్పదు. నేను బ్లాగు మానలేదు. ఆమె చెప్పనివాటిని కల్పించి రాశాను. వాటికీ మెప్పు వచ్చింది.

టీచరమ్మ ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. అక్క, అసలు లేని ఆ చెల్లెలిలాగే ఆమెతో మాట్లాడుతుంది. మొన్న ఫోన్ పెట్టేసి, "ఆమెకు చెప్తె మల్ల ఒకసారి అక్క పోయినట్టయితదిరా," అంది. నేను ఆడిన అబద్ధాన్ని అక్క మోస్తోంది.

క్షమించమని అడగను. నన్ను క్షమించాల్సింది మీరు కాదు. ఇది కూడా మీరు చదవాలనే రాస్తున్నానా? కావచ్చు. అయినా ఆ సంతాపం తర్వాత కల్పన లేకుండా రాసింది ఇదొక్కటే. ఎన్నాళ్లకో ఊపిరి ఆడుతోంది.

టీచరమ్మా, మీరు ఇది చదువుతారని తెలుసు. ఆ రోజు మీరు పట్టుకుని ఏడ్చినవి మా అక్క చేతులే.